పంతొమ్మిదేళ్ళకి ఒక కాగితం

రాజపాళయం,
4 ఆగస్టు 2025

జగన్నాథ మామకి,

ఆపరేషనైన మీ మోకాలి ఫోటో లక్ష్మీప్రియ రోజూ పంపిస్తోంది. కుట్లు విప్పిన చోటు బాగా మానింది. అందుకని ఆ కుశలప్రశ్న దాటేస్తున్నాను. ఫోన్ చెయ్యకుండా ఉత్తరం ఎందుకంటారా? మీ కుడి చెవికి వినపడదు, ఎడమ చెవి వినదు. పోయిన వారం మనం మాట్లాడుకుంటుంటే అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ పైకొచ్చి "ఎన్న సార్, ఏదావదు ప్రచ్చనైయా?" అని, ఏదైనా గొడవా అని అడిగాడట. మీ కూతురి పరువు తీయడం నాకిష్టం లేదు. నూలు శాంపిళ్ళతో రోజూ మన చెన్నై ఆఫీసుకి వెళ్ళే బస్సు పార్సిల్‌లోనే ఇదీ పెడుతున్నాను.

సంగతి ఇది. చెన్నైలో ఒక మేనేజ్‌మెంట్ కన్సల్టింగ్ కంపెనీ ఉంది. ఫ్యాక్టరీలు సరిగ్గా నడవనప్పుడు వెళ్ళి చూసి, ఏం మార్చాలో చెప్పడం వాళ్ళ పని. నూలు మిల్లు లోపలి సంగతులు తెలిసిన మనిషి కావాలన్నారు. జూన్‌లో అప్లికేషన్ పెట్టాను. నాలుగు ఇంటర్వ్యూలు అయ్యాయి. చివరిదాంట్లో భరత్ అని అక్కడి పెద్ద, నాకంటే ఏడేళ్ళు చిన్నవాడు, ఒక చిక్కు చెప్పాడు: ఒక మిల్లులో మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు దాకా మాత్రమే నూలు ఎక్కువగా తెగుతోంది, ఎందుకు? నాకు ముందు వచ్చినవాళ్ళు బోర్డు నిండా బొమ్మలు వేశారట. నేను "ఆ టైములో షెడ్డు పడమటి తలుపు ఎవరు తెరుస్తున్నారో చూడండి" అన్నాను. మధ్యాహ్నపు వేడిగాలి సోకితే నూలు ఎండి తెగుతుందని మీకు తెలుసుగా. ఉద్యోగం ఇస్తామన్నారు.

ఈ నలభై మూడో ఏట నీకిదేం పిచ్చి అంటారు. చెబుతాను. మార్చిలో మీరు కోయంబత్తూరు నుంచి పిలిపించిన కన్సల్టెంట్లు ఆరు వారాలు మన మిల్లులో తిరిగారు. వాళ్ళకి షెడ్డంతా చూపించింది నేను. దూది దువ్వే కార్డింగ్ నుంచి వచ్చే డబ్బాల దారి మార్చండి, ఆడవాళ్ళు రోజూ అనవసరంగా ఆ చివరిదాకా తోస్తున్నారు అని నేను పదేళ్ళుగా చెబుతున్నాను. మీకు వినపడలేదు. అదే మాట వాళ్ళు స్క్రీన్ మీద రంగుల్లో చూపిస్తే "అబ్బా, ఎంత బాగా చెప్పినారు సార్!" అని చప్పట్లు కొట్టారు. పక్కనే నిలబడి ఉన్నాను మామా. నా వైపు చూడను కూడా లేదు. బయటివాళ్ళు చెబితేనే వింటారంటే నేనూ బయటిదాన్నే అవుతాను.

నాకు కావలసింది ఒక్క కాగితం. 2006 నుంచి మన మిల్లులో నేను ఏ హోదాలో ఏం పని చేశానో రాసి, మీరు సంతకం పెట్టిన ఎక్స్‌పీరియన్స్ సర్టిఫికెట్. సెప్టెంబరు 15 లోపల అది ఇవ్వకపోతే ఆ ఉద్యోగం ఇంకొకరికి పోతుంది. ఆఫీస్ మేనేజర్ మహేశ్వరన్‌ని అడిగితే "అయ్యో, మీకు ఫైలే లేదే అమ్మా" అన్నాడు. నవ్వాను. మూడు బీరువాలు వెతికాక నవ్వు రాలేదు.

త్వరగా పంపండి.

మీ చెల్లెలి కూతురు,
యామిని


చెన్నై, అణ్ణానగర్,
7 ఆగస్టు

చిరంజీవి యామినికి మామ ఆశీస్సులు. ఇంకా ఆశీస్సులు ఇస్తున్నానంటే అది నా పెద్దమనసు.

నీ ఉత్తరం చదివి లేచి నిలబడ్డాను. వాకర్ పట్టుకోకుండా. నాలుగు వారాలుగా ఫిజియోథెరపీ అమ్మాయి చేయించలేనిది నువ్వు చేయించావు.

సర్టిఫికెట్టా? నీకు నేనా? మన ఇళ్ళలో ఎవరు ఎవరికి సర్టిఫికెట్లు ఇచ్చారు? మా నాన్న నన్ను మిల్లుకి తీసుకెళ్ళి కుర్చీ చూపించి "కూర్చోరా" అన్నారు. అంతే, అదే అపాయింట్‌మెంట్ ఆర్డరు. మా తమ్ముడు ముప్పై ఏళ్ళు పత్తి కొన్నాడు, వాడికీ ఏ కాగితమూ లేదు. పనికి వచ్చేవాళ్ళకి ఆర్డరు గానీ ఇంట్లోవాళ్ళకి ఎందుకు? ఆ రోజు నీ చేతిలో ఆర్డరు పెట్టి ఉంటే మీ అమ్మ రంగనాయకి ఏమనేది? "నా కూతుర్ని జీతగత్తెని చేసినావా అన్నా" అని జన్మలో నా గడప తొక్కేది కాదు. నీ పేరు పుస్తకంలో ఎక్కించకపోవడం నీకిచ్చిన మర్యాద. మిల్లు చూడ్డానికి ఎవరొచ్చినా నిన్ను చూపించి "మా ఇంటి పిల్ల" అని చెప్పాను. అంతకంటే పెద్ద హోదా ఉందా?

అయినా అదొక పనా? సంచి భుజానికి తగిలించుకుని ఊరూరా తిరిగి, పరాయివాడి మిల్లులో ఏ లోపాలున్నాయో చెప్పడం! ఇవాళ ఈరోడ్, రేపు సేలం, ఎల్లుండి ఏ లాడ్జిలోనో. మీ ఆయన సీతారామ నోరున్న మనిషి కాదు, ఊరుకున్నాడు. నేను ఊరుకోను.

మహేశ్వరన్ నిన్నేమన్నా అన్నాడా? క్యాంటీన్ కాంట్రాక్టు దగ్గర మీ ఇద్దరికీ పడలేదని విన్నాను. అదే అసలు కారణమని నాకనిపిస్తోంది. వాడి సంగతి నేను చూస్తాను. నీ కోపం చల్లారాక ఈ ఉత్తరం గుర్తొచ్చి నువ్వే సిగ్గుపడతావు.

ఇక్కడ సాంబారులో బెల్లం వేస్తున్నారు. అల్లుడు మన ఊరి వేటకుక్కని కొనుక్కొచ్చి నాలుగో అంతస్తులో కట్టేశాడు. అదీ నేనూ బాల్కనీలోంచి రోడ్డు చూస్తూ కూర్చుంటున్నాం.

మామ,
జగన్నాథరాజా


రాజపాళయం,
11 ఆగస్టు

మామకి,

మహేశ్వరన్‌ని వదిలెయ్యండి. మీరు ఫోన్లో వాడి మీద అరిచారట, పాపం తెల్లమొహం వేసుకుని నా గదికొచ్చి "నేనేం చేసినానమ్మా?" అని అడిగాడు. నా కోపం వాడి మీద కాదు. మీ మీద. ఇంత స్పష్టంగా రాస్తే కానీ మీకు ఎక్కదు కాబట్టి రాస్తున్నాను.

మర్యాద అంటున్నారు. నూలు వడికే రింగ్ ఫ్రేముల దగ్గర వెళ్ళత్తాయి ఉంది కదా, చోళపురం నుంచి వస్తుంది, తెగిన నూలు పోగు కంటికి కనపడేలోపల అతికేస్తుంది. దాన్ని అడిగాను, నీ ఆర్డరు ఎక్కడ పెట్టుకున్నావే అని. ప్లాస్టిక్ కవర్లో పెట్టి మారియమ్మ పటం పక్కన ఉంచిందట. "మీది ఎక్కడ పెట్టుకొనినారమ్మా?" అని తిరిగి అడిగింది. నేనేం చెప్పను? నాకు మర్యాద ఇచ్చారు, కాగితం ఇవ్వలేదు అని చెప్పనా?

మీకు ఆర్డరు అక్కర్లేదు, నిజమే. గేటు మీద మీ నాన్నగారి పేరుంది. మీ బల్ల మీద ఇత్తడి పలకలో మీ పేరుంది. నాకేముంది? జపాన్ నుంచి మిషన్లవాళ్ళు వచ్చినప్పుడు మూడు రోజులు వాళ్ళతో గ్రీజులో మునిగింది నేను. నాలుగో రోజు ఒప్పందానికి కూర్చున్నప్పుడు సంతకం మిమ్మల్ని అడిగారు, కాఫీ నన్ను అడిగారు. మీరే కదా "మా ఇంటి పిల్ల" అని పరిచయం చేశారు. ఇంటి పిల్లని కాఫీ కాక ఇంకేం అడుగుతారు? వెళ్ళి కాఫీ తెచ్చాను కూడా. అదే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండే విషయం.

ఇరవై నాలుగేళ్ళప్పుడు "మా ఇంటి పిల్ల" అంటే సంతోషంగానే ఉండేది. ఇప్పుడు నా జుట్టు చూడండి.

ఇక ఆ పని ఒక పనా అన్నారే, మీరే ఆ పని చేసేవాళ్ళని పిలిపించి, గెస్ట్‌హౌస్‌లో పెట్టి, మటన్ సుక్కా చేయించి పెట్టారు. అప్పుడు అది గొప్ప పని. నేను చేస్తే లాడ్జీలు గుర్తొచ్చాయా?

నాలుగే నాలుగు వాక్యాలు మామా. ఎప్పుడు చేరాను, ఏం చేశాను, ఎంతమందిని నడిపాను, ఇప్పటిదాకా ఉన్నాను. రాసి పంపండి.

యామిని


చెన్నై,
16 ఆగస్టు

చి. యామినికి,

నీ నోటికి నిన్న లక్ష్మీప్రియ కూడా దడుసుకుంది. "నాన్నా, రాసిచ్చేయండి, గొడవ వదిలిపోతుంది" అంది. సరే, అడిగావు కాబట్టి రాశాను. దీనితోపాటే ఉంది. అల్లుడి కంప్యూటర్లో టైపు చేయించాను. నీకు తృప్తే కదా:

"శ్రీమతి యామిని నా స్వంత మేనకోడలు. మంచి కుటుంబంలో పుట్టి పెరిగినది. ఓర్పు, వినయం, పెద్దల యెడల భక్తి కలది. తీరిక సమయాల్లో మా మిల్లు వ్యవహారాల్లో చేదోడుగా ఉండేది. ఈమెకు సకల శుభాలు కలగాలని కోరుతున్నాను."

వినయం అన్న మాట చెప్పేటప్పుడు నోరు ఆగింది, అయినా కొట్టమన్నాను.

ఇప్పుడు మంచి వార్త. మొన్న రంగనాయకి ఫోన్ చేసి, పిల్ల బాగా అలిసిపోయింది అన్నా, ఎనిమిదింటికి ముందు ఇంటికి రావడం లేదు అని చెప్పింది. అప్పుడు నాకు తల్లో దీపం వెలిగింది. ఇన్నాళ్ళూ నువ్వు అడుగుతున్నది కాగితం కాదు, విశ్రాంతి! నోరు తెరిచి చెప్పొచ్చుగా!

కోయంబత్తూరువాళ్ళ రిపోర్టు ఆఖరి భాగం వచ్చింది. చాలా బాగా రాశారు. మన మిల్లులో ఎవరి కింద ఎవరున్నారో ఒక పటం గీశారు. అందులో మిల్లుకి ప్రొడక్షన్ హెడ్ అనేవాడే లేడని, ఇన్నేళ్ళు ఎలా నడిచిందో ఆశ్చర్యంగా ఉందని, వెంటనే అనుభవం ఉన్న ఒకరిని వెయ్యాలని రాశారు. నేను ఒప్పుకుని, వాళ్ళు చెప్పిన ఉదయకుమార్ అనే అతన్ని వేసేశాను. సెప్టెంబరు ఒకటిన చేరతాడు. నువ్వు అతనికి అన్నీ చూపించు. ఇక సాయంత్రం నాలుగింటికే ఇంటికి వెళ్ళిపోవచ్చు. ఇప్పటికైనా మామ మంచివాడని ఒప్పుకుంటావా?

జగన్నాథరాజా


రాజపాళయం,
19 ఆగస్టు

మామా,

మీ సర్టిఫికెట్ చించేశాను. "తీరిక సమయాల్లో" అన్న చోట మొదలుపెట్టి చించాను.

నాకు తీరిక ఎప్పుడుంది? మొదటి షిఫ్టు ఆరింటికి. నా కూతురు కడుపులో ఉండగా ఎనిమిదో నెల దాకా షెడ్డులో నిలబడ్డాను, కాళ్ళు ఉబ్బి చెప్పులు పట్టకపోతే వెళ్ళత్తాయి తన చెప్పులు ఇచ్చింది. తీరికట! భక్తట!

ఇక ఆ పటం. తెప్పించుకుని చూశాను. అన్నిటికంటే పైన మీరు. మీ కింద మహేశ్వరన్, పత్తి కొనుగోలు, అమ్మకాలు. పక్కన "ప్రొడక్షన్ హెడ్ - ఖాళీ". అది ఎలా జరిగిందో కనుక్కున్నాను. వాళ్ళు ఆఫీసర్ల పేర్లు, హోదాలు అడిగారు. మహేశ్వరన్ ఫైళ్ళు చూసి జాబితా ఇచ్చాడు. ఫైలు లేనిదాన్ని నేను కాబట్టి నేను జాబితాలో లేను. జాబితాలో లేను కాబట్టి పటంలో లేను. ఆరు వారాలు ఆ పిల్లలు నా వెనకాలే తిరిగారు మామా! షెడ్డులో ఏ మిషను ఆగినా అందరూ నా దగ్గరికి పరిగెత్తుకు రావడం కళ్ళారా చూశారు. చూసి, రాసుకుని, చివరికి ఆ చోటు ఖాళీగా ఉందని తేల్చారు. వాళ్ళని తప్పు పట్టను. వాళ్ళకి కాగితమే సాక్ష్యం. వాళ్ళు చెప్పింది విని మీరు ఒప్పుకున్నారే, నా కోపం దానికి. ప్రొడక్షన్ ఎవరు చూస్తున్నారో మీకు తెలీదా? "ఖాళీ ఏంటయ్యా, అక్కడ మా యామిని ఉంది" అని ఒక్క మాట నోట్లోంచి రాలేదా?

నేను విశ్రాంతి అడగలేదు. అమ్మకి నేను అలిసిపోయినట్టు కనపడుతున్నాను, అది కోపంతో నిద్ర పట్టక.

సెప్టెంబరు 15. ఇంకా ఇరవై ఏడు రోజులు. నిజం రాసిన కాగితం పంపండి.

యామిని


చెన్నై,
23 ఆగస్టు

యామినికి,

నా సంతకం ఉన్న కాగితం చించావు. మా నాన్న బతికి ఉంటే ఈ ఇంట్లో ఇలాంటిది జరిగేది కాదు.

నువ్వు ఆడది కాబట్టి తొక్కేశానని అనుకుంటున్నావు. అందరికంటే ఎక్కువగా నమ్మాను కాబట్టే రాసిపెట్టుకోలేదు. నమ్మకం లేని చోట కాగితాలు. ఇది నీకు అర్థం కాదు, మీ తరానికే అర్థం కాదు.

పోనీ, నీ మాటే కానీ. ఆర్డరు ఇస్తాను. సెప్టెంబరు ఒకటో తేదీతో, ఉదయకుమార్‌కి అసిస్టెంట్‌గా. 2006 తేదీ వేసి ఇప్పుడు ఆర్డరు తయారుచెయ్యమంటే మాత్రం చెయ్యను. దొంగ తేదీ వెయ్యడం నా వల్ల కాదు.

జగన్నాథరాజా


రాజపాళయం,
2 సెప్టెంబరు

మామకి,

దొంగ తేదీ వెయ్యమని ఎవరడిగారు? ఇవాళ్టి తేదీ వేసి, 2006 నుంచి ఉంది అని నిజం రాయమన్నాను. ఈ రెంటికీ తేడా మీకు తెలుసు. తెలిసే అలా రాశారు.

నిన్న ఉదయకుమార్ చేరాడు. మంచివాడే. ఇస్త్రీ చొక్కా, కొత్త డైరీ. నా గదిలోకి వచ్చి, కుర్చీలో నన్ను చూసి, చాలా మర్యాదగా "మేడమ్, మీరు ఎవర్ని చూడ్డానికి వచ్చినారు?" అని అడిగాడు. పంతొమ్మిదేళ్ళు కూర్చున్న కుర్చీలో ఉండగా అడిగాడు. మహేశ్వరన్ తల వంచుకున్నాడు. నాకు ఏడుపొచ్చింది, కానీ ఆ మనిషి ముందు ఏడవదలుచుకోలేదు.

తాళాలు బల్లమీద పెట్టాను. ఏది దేనికో చెప్పాను. అతని కింద అసిస్టెంట్ పని నాకొద్దు. బండి తీసుకుని ఇంటికి వచ్చేశాను. సాయంత్రం నాలుగు దాకా కూడా ఆగలేదు.

ఇంకా పదమూడు రోజులున్నాయి.

యామిని


రిజిస్టర్డ్ పోస్ట్
చెన్నై,
8 సెప్టెంబరు 2025

శ్రీమతి ఎస్. యామిని గారికి,

ఇది మామ రాస్తున్న ఉత్తరం కాదు. మేనేజింగ్ డైరెక్టర్‌గా, మిల్లు లెటర్‌హెడ్ మీద, సీలు వేసి రాస్తున్నాను. నకలు మహేశ్వరన్‌కి పంపాను. ఇంగ్లీషులో రాయమని అల్లుడు చెప్పాడు. నాకు ఇంగ్లీషులో కోపం రాదు.

వారం రోజులుగా మిల్లులో ఏం జరుగుతోందో తెలుసా? కొండమీంచి తుంపర తెచ్చే సారల్ గాలి దిగింది. ఆ గాలి దిగితే నూలు ఎండకుండా షెడ్డులో కొట్టే నీటిజల్లు తగ్గించాలని ఈ మిల్లులో నీకు తప్ప ఎవరికీ తెలీదు. ఉదయకుమార్ పుస్తకంలో ఉన్నట్టే పెట్టాడు. తడికి నూలంతా రోలర్లకి చుట్టుకుపోతోంది. కోసి తీయడానికే ఒక షిఫ్టు పడుతోంది. తిరుప్పూరు పార్టీ సరుకు వెనక్కి పంపింది. వెళ్ళత్తాయి, ఇంకో పదిమంది నీ ఇంటి గేటు దగ్గరికి వచ్చి నిలబడితే కాఫీ ఇచ్చి పంపించేశావట! వాళ్ళని పిలిపించుకున్నది నువ్వేనని నా అనుమానం.

నీకు సిగ్గు లేదా? 2006 జూన్ 12న చేరినదానివి. మొదటి మూడేళ్ళు క్వాలిటీ చూశావు. 2009లో పెరుమాళ్సామి మాస్టర్ రిటైర్ అయిన నాటి నుంచి పత్తి విప్పే బ్లో రూమ్ మొదలు కోన్ ప్యాకింగ్ దాకా ప్రొడక్షన్ మొత్తం నీ చేతిలో పెట్టాను. ఒక్కనాడైనా ఎందుకు, ఏమిటి అని అడిగానా? 2011లో రెండో యూనిట్ పునాది దగ్గర్నుంచి నిలబెట్టింది నువ్వు. 2014లో జపాన్ మిషన్లు ఏవి కొనాలో తేల్చింది నువ్వు, నేను సంతకం మాత్రమే పెట్టాను. కరోనా అప్పుడు హాస్టల్లో చిక్కుకుపోయిన ఒడిశా అమ్మాయిలకి రెండు నెలలు అన్నం పెట్టించి, మిల్లు తెరిచిన రోజే మూడు షిఫ్టులూ నడిపించింది నువ్వు. రెండొందల పన్నెండు మంది నీ మాట మీద నడుస్తారు, నా మాట మీద కాదు. ఇంత చేసినదానివి, ఇంత బాధ్యతలో ఉన్నదానివి, చెప్పాపెట్టకుండా తాళాలు బల్ల మీద పారేసి ఇంటికి పోతావా? ఇంకెవరైనా ప్రొడక్షన్ హెడ్ ఇలా చేసి ఉంటే కోర్టుకి ఈడ్చేవాణ్ణి. ఇంటి పిల్లవి కాబట్టి తిట్టి ఊరుకుంటున్నాను.

పొగరుమోతుదానా! ఏడు రోజుల్లో దీనికి రాతపూర్వకంగా సంజాయిషీ ఇవ్వాలి.

ఎన్.కె. జగన్నాథరాజా
మేనేజింగ్ డైరెక్టర్
(సీలు)


రాజపాళయం,
13 సెప్టెంబరు

మామా,

ఏడు రోజులు అడిగారు. ఉత్తరం అందిన మూడో రోజే ఇస్తున్నాను.

మీ ఉత్తరం మొదటిసారి చదివి కోపంతో బల్ల మీదికి విసిరేశాను. రెండోసారి చదువుతుంటే ఏదో అనుమానం వచ్చి కుర్చీలో కూర్చున్నాను. మూడోసారి అమ్మకి పైకి చదివి వినిపించాను. అమ్మ కళ్ళు తుడుచుకుని "అన్న ఇన్నీ ఎరుగునా?" అంది. నేనూ అదే అనుకున్నాను. మీకు అన్నీ తెలుసు. తేదీతో సహా తెలుసు. నేను కొనమన్న మిషన్ల సంగతి కూడా తెలుసు. ప్రేమగా అడిగితే ఒక్క ముక్క రాలేదు. మిల్లు ఆగేసరికి అంతా బయటికి వచ్చింది.

అదే పూట ఆ ఉత్తరం నోటరీ పాండురంగన్ గారి దగ్గరికి తీసుకెళ్ళాను. అందరూ తమిళ బళ్ళలోనే చదివే మన ఊళ్ళో తెలుగక్షరాలు చదవగలవాళ్ళు మిగిలింది కొద్దిమందే, అందులో ఆయనొకరు. ఒక్క మాట వదలకుండా ఇంగ్లీషు చెయ్యమన్నాను. "పొగరుమోతుదానా" దగ్గర ఆగి, "ఇది కూడానామ్మా?" అని అడిగారు. ఇది కూడా అన్నాను. సీలు వేయించి ఆ రాత్రి బస్సులోనే చెన్నై కంపెనీకి పంపాను. నిన్న మధ్యాహ్నం భరత్ ఫోన్ చేశాడు. తన ఉద్యోగంలో ఇంతకంటే వివరమైన ఎక్స్‌పీరియన్స్ సర్టిఫికెట్ చూడలేదన్నాడు. చేరిన తేదీ, బాధ్యతలు, మనుషుల సంఖ్య, మేనేజింగ్ డైరెక్టర్ సంతకం, సీలు, "ప్రొడక్షన్ హెడ్" అన్న మాట కూడా మీ చేత్తోనే ఉంది. ఒప్పుకున్నారు. అక్టోబరు 6న చేరతాను.

ఇక సంజాయిషీ. ఆడవాళ్ళని నేను పిలవలేదు, వాళ్ళంతట వాళ్ళే వచ్చారు. కాఫీ ఇచ్చింది నిజం. తిప్పి పంపింది కూడా నిజం, ఆ రాత్రి అన్నం సహించలేదు. చెప్పకుండా మానేశానన్నారు. లేదని రిపోర్టులో రాయించుకున్న ఉద్యోగాన్ని నేను ఎలా మానేస్తాను? అయినా నిన్న మిల్లుకి వెళ్ళాను. ఉదయకుమార్ పాపం గడ్డం కూడా గీసుకోకుండా ఉన్నాడు. "మేడమ్, ఆ రోజు నాకు తెలియలేదు, మన్నించండి" అన్నాడు. సారల్ గాలి ఎటునుంచి దిగుతుందో, జల్లు ఎంత తగ్గించాలో, పడమటి తలుపు ఎప్పుడు మూయాలో చూపించి, నోటుబుక్కులో రాసిచ్చాను. సాయంత్రానికి రోలర్లు శుభ్రంగా తిరిగాయి. అలా నా మొదటి కన్సల్టింగ్ మీ మిల్లులోనే అయింది. ఫీజు మీరు రిజిస్టర్డ్ పోస్టులో ముందే పంపారు.

సంతోషంగా ఉన్నానని మీరు అనుకోకండి. నాకు మీరు ప్రేమతో రాసిన కాగితం కావాలని ఉండేది. తిట్టి రాసిన కాగితంతో బయటికి పోతున్నాను. ఆ బాధ నాకు పోదు.

యామిని


చెన్నై,
20 సెప్టెంబరు

యామినికి,

మోసం చేశావు. నా కోపాన్ని తీసుకెళ్ళి ఊళ్ళో వాళ్ళకి చూపించావు. పాండురంగన్ నాతో కలిసి చదువుకున్నవాడు, వాడి ముందు నా పరువు పోయింది. ఈ సంగతి నేను చచ్చేదాకా మర్చిపోను.

నిన్న ఆ కంపెనీ నుంచి నాకు ఈమెయిల్ వచ్చింది. నీ గురించి ప్రశ్నలు, ఒక్కోదానికీ జవాబు నింపి పంపాలట. లక్ష్మీప్రియ చదివింది, నేను చెబుతుంటే టైపు చేసింది. ఈమె మీ దగ్గర పనిచేసిందా? చేసింది. ఎప్పటి నుంచి? చెప్పాను. హోదా? ప్రొడక్షన్ హెడ్ అని కొట్టమన్నాను. లక్ష్మీప్రియ నా మొహం చూసి "నాన్నా, ఆ పోస్టు యామినికి మీరు ఎప్పుడిచ్చినారు?" అని అడిగింది. కొట్టమంటే కొట్టు అని అరిచాను. కుక్క కూడా లేచి మొరిగింది. నడవడిక ఎలాంటిది? ఎవరి మాటా వినదు అని చెప్పాను. లక్ష్మీప్రియ ఇంకేదో మంచిగా కొట్టింది, నాకు చూపించలేదు.

ఆఖరి ప్రశ్న, ఎందుకు మానేస్తోంది? దానికి అందరూ "మంచి అవకాశం కోసం" అని పెడతారట. అదే కొడతాను నాన్నా అంది. వద్దన్నాను. ల్యాప్‌టాప్ నా ఒళ్ళోకి లాక్కున్నాను. నాకు టైపు రాదు, నీకు తెలుసు. ఒక్క వేలితో, ఒక్కో అక్షరం వెతుక్కుంటూ, తప్పు పడితే చెరిపి మళ్ళీ కొట్టాను. అరగంట పట్టింది. మధ్యలో లక్ష్మీప్రియ రెండుసార్లు సాయం చేస్తానని వచ్చింది, పొమ్మన్నాను. ఇంగ్లీషులో కొట్టినదాన్ని నీకు తెలుగులో రాస్తున్నాను:

"పంతొమ్మిదేళ్ళు ఈమె చేత పని చేయించుకున్నాను. ఉద్యోగం ఇవ్వలేదు. అందుకని పోతోంది. తప్పు నాది."

పంపేశాను.

జగన్నాథరాజా